కొమురమ్మ రాళ్ళ లెక్క

కొమురమ్మకు ఇరవై దాటితే అంకెలు రావు. ఇరవై లోపల కూడా పన్నెండు తర్వాత కాస్త తడబడేది. అయినా ఆమె చేతి లెక్క తప్పిందని ఎవరూ అనలేరు. తప్పింది నా లెక్క. బీఎస్సీలో ఫస్టు క్లాసు తెచ్చుకుని, తెనాలిలో పదేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన నాగేశ్వరి లెక్క. అందుకే ఆమె గురించి రాయబోతే నా గురించి కూడా నాలుగు ముక్కలు చెప్పుకోక తప్పడం లేదు.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. మా ఆయన సుబ్రహ్మణ్యంగారికి మూసాపేట ఆఫీసుకు బదిలీ అయి, మేం మాదాపూర్‌లో ఇల్లు తీసుకున్నాం. మా అమ్మాయి విజయవాడ హాస్టల్లో చదువుకుంటోంది. పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడన్నీ బండలు. మా వీధి చివర ఒక ఆఫీసు భవనం పునాది కోసం బండను పేల్చి పెద్ద గుంట తవ్వుతున్నారు. మధ్యాహ్నం పన్నెండు అయ్యేసరికి ఈల వేసేవారు. ఆ తర్వాత మొదలయ్యేవి పేలుళ్ళు. అలమరలో స్టీలు గిన్నెలు గలగలలాడేవి, కిటికీ అద్దాలు జిల్లుమనేవి. నేను రెండు చెవులూ మూసుకుని పూజగది గుమ్మంలో నిలబడేదాన్ని. ఇంకొకరికి ధైర్యం చెప్పే నోరే గానీ నాకు పుట్టుకతోనే పిరికితనం.

నన్ను ఆ గుమ్మంలో మొదటిసారి చూసింది కొమురమ్మే. అంతకు వారం ముందే మా ఇంట్లో అంట్లు తోమడానికి కుదిరింది. పొద్దున మా ఇంట్లో పని, పది గంటల నుంచి గుంట దగ్గర ఎర్ర జెండా పట్టుకుని వీధిలో జనాన్ని ఆపే పని. ఆ రోజు పేలుళ్ళు ఆగాక జెండా దించి చంకన పెట్టుకుని, మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం వచ్చి, ఇంకా గుమ్మంలోనే ఉన్న నన్ను చూసి నవ్వింది.

“గట్ల వణుకుతున్నవేందమ్మా? లెక్కవెట్టు. లెక్కవెడితే భయం పోతది.”

నన్ను ‘నువ్వు’ అన్నందుకు ముందు చిర్రెత్తుకొచ్చింది. తర్వాత తెలిసింది, ఆమె దేవుణ్ణీ, ఇంజనీరునీ, సొంత కూతుర్నీ కూడా నువ్వే అంటుందని.

ఆమెది జనగామ దగ్గర పల్లె. ఉన్న ఎకరంలో బోరు ఎండిపోతే మొగుడు మొగిలితో, ఎనిమిదేళ్ళ కూతురు అఖిలతో ఈ బండల మీదికి వచ్చి గుడిసె వేసుకుంది. మొగిలి గుంటలో తూటాలు పెట్టేవాడు. బండలో మిషనుతో రంధ్రాలు వేస్తారు. ఒక్కో దాంట్లో మందు తూటా దింపి, బత్తి బయటికి వదిలి, మట్టితో బిగిస్తారు. బత్తులు వరసగా అంటించి పరుగెత్తుకొస్తారు. అవి ఒకదాని తర్వాత ఒకటి పేలతాయి. పేలినవి ఎన్నో లెక్కపెట్టాలి. పెట్టినవీ పేలినవీ సమానమైతే పొగ పోయాక మొగిలి గడ్డపార తీసుకుని అందరికంటే ముందు లోపలికి దిగుతాడు. ఒకటి తక్కువైతే ఆ పూట ఎవరూ దిగరు. పేలని తూటా రాళ్ళ కింద ఎక్కడుందో తెలియదు కదా, గడ్డపార దాని మీద పడితే ఇంక చెప్పడానికేమీ ఉండదు.

కొమురమ్మ లెక్క చూస్తే నవ్వొచ్చేది. అంటించడానికి ముందు గుంటలోకి దిగి, ఒక్కో రంధ్రం దగ్గరా ఒక్కో గులకరాయి తీసి కొంగులో వేసుకునేది. వీధి మలుపులో జెండా పట్టుకుని నిలబడి, ఒక్కో పేలుడుకూ ఒక్కో రాయి కింద పడేసేది. కొంగు ఖాళీ అయితే జెండా దించేది. రాయి మిగిలితే దించేది కాదు. ఎన్ని తూటాలని అడిగితే ఆమెకు తెలియదు.

“అంకెలు నేర్చుకోరాదూ? ఈ రాళ్ళ మోతేమిటి?” అన్నానొకసారి.

“అంకెలు నోట్ల ఉంటయమ్మా, మరుస్తం. రాయి కొంగుల ఉంటది,” అంది.

ఆ రాళ్ళ వెనక ఒక కథ ఉంది. వాళ్ళ తమ్ముడు ఏదో క్వారీలో పనిచేసేవాడట. అక్కడి మేస్త్రీ తొమ్మిదే పేలితే పది పేలాయని తమ్ముణ్ణి లోపలికి పంపాడు. తమ్ముడికి రెండు కళ్ళూ పోయాయి. దవాఖానలో కట్లు విప్పిన రోజు కొమురమ్మ దగ్గరే ఉందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు మారలేదు గానీ, తోముతున్న గిన్నెనే మళ్ళీ మళ్ళీ తోమింది.

“మా బతుకులన్నీ లెక్క మీదనే నడుస్తయి. మాకేమో లెక్క రాదు. నా బిడ్డకు జర నేర్పమ్మా. బడిల గోడ మీది ఎక్కాలు సదువుతది గాని, నాలుగు గిన్నెలు తెమ్మంటే మూడు తెస్తది.”

నాకు కావలసిందీ అదే. పాఠం చెప్పక ఏడాదైంది, నోరు దురద పెడుతోంది. మర్నాటి నుంచి అఖిల బడికి పోయే ముందొక గంట, సెలవైతే పూటంతా మా ఇంట్లోనే ఉండేది. ఎక్కాలు పక్కన పెట్టించాను. డాబా మెట్లు ఎన్ని? పైకి ఎక్కేటప్పుడు ఎనిమిది ఎక్కావు, ఇంకా ఎన్ని మిగిలాయి? తీగ మీద చీరకు మూడు క్లిప్పులైతే నాలుగు చీరలకు ఎన్ని? ఒక వంకాయను నాలుగు చీలికలు చేస్తే ఆరు వంకాయలకు ఎన్ని? గచ్చిబౌలి వైపు వెళ్ళే లారీలెన్ని, తిరిగొచ్చినవెన్ని? పిల్ల చురుకైనది. పదిహేను రోజుల్లో మెట్ల మీద గెంతుతూ తీసివేతలు చెప్పేసింది. గర్వం పట్టలేకపోయాను. సాయంత్రం మా ఆయన రాగానే ఆ పిల్ల ఇవాళ ఏం చేసిందో చెప్పేదాన్ని. ఆయన కాఫీ తాగుతూ, “నువ్వు కొట్టడం లేదుగా?” అని అడిగేవారు.

కొట్టేదాన్ని. దాచడం దేనికి? చెక్క స్కేలుతో వేళ్ళ మీద. నన్నూ అలాగే కొట్టి నేర్పారు, నేనూ అలాగే నేర్పాను. తెనాలిలో నా క్లాసులో ఒక్క పిల్లాడూ లెక్క తప్పలేదని చెప్పుకునేదాన్ని. ఎంతమంది తప్పుల్ని నాకు కనపడకుండా దాచుకున్నారో అప్పుడు ఆలోచించలేదు.

ఒకరోజు దోసెల పిండికి బియ్యం కొలవమన్నాను. అఖిల డబ్బాలో గ్లాసు ముంచి, గిన్నెలో పోసి, “లాభం,” అంది. రెండో గ్లాసుకు “రెండు,” అంది.

ఆ మాట నాకు కొత్త కాదు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకుండా లాభం అంటారు. ఇంట్లోకి వచ్చే గింజను శుభమైన మాటతో మొదలుపెట్టాలని. మా అమ్మమ్మ కూడా అలాగే కొలిచేది, చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని నేనూ లాభం, రెండు, మూడు అన్నదాన్నే. కానీ నేను టీచర్ని కదా. ఒంటికాలి మీద లేచాను.

“అంకెల్లో లాభం అనే అంకె ఉందా? చూపించు. ఒకటి నుంచి వంద వరకూ ఎక్కడుందో చూపించు!”

పిల్ల బిక్కమొహం వేసింది. వేళ్ళ మీద రెండు పడ్డాయి. మళ్ళీ ఆ మాట నా ఇంట్లో వినపడలేదు.

మర్నాడు కొమురమ్మకు చెప్పాను. “నువ్వు వద్దంటే వద్దే అమ్మా. సదువుకున్నదానివి. గాని తిండివెట్టేదాన్ని ఉత్తగ ఒకటి అని మొదలువెట్టొద్దంటరు మా దిక్కు. బియ్యమైనా, మా ఆయన తూటాలైనా. ఆ మాట ఇడిస్తే ఇంట్ల ఉన్నది కూడ పోతదంటరు.” అని చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళి కూతురితో ఏం చెప్పిందో నేను అడగలేదు. అడగాలని తోచలేదు.

ఆ తర్వాత నుంచి ఒక చిత్రం మొదలైంది. మెట్లు లెక్కపెడితే సరిగ్గా చెప్పే పిల్ల, క్లిప్పులు, లారీలు, వంకాయలు అన్నీ సరిగ్గా చెప్పే పిల్ల, బియ్యం దగ్గర మాత్రం తప్పేది. గ్లాసు మినప్పప్పుకు మూడు గ్లాసుల బియ్యం నా కొలత. దోసెలు అప్పడాల్లా విరిగిపోతున్నాయి. గిన్నె చూస్తే బియ్యం ఎక్కువ. నేను పొయ్యి వైపు తిరిగి ఉండేదాన్ని, వెనక నుంచి “ఒకటి, రెండు, మూడు” అని స్పష్టంగా వినపడేది. మరి ఎక్కువెలా అయింది? “పరధ్యానం!” అని తిట్టేదాన్ని. స్కేలు పడేది. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగేవి గానీ నోరు విప్పేది కాదు.

ఆగస్టు నెలాఖరులో మూడు రోజులు వదలకుండా తుంపర పడింది. కొమురమ్మకు చలిజ్వరం వచ్చి గుడిసెలో పడుకుంది. నాలుగో రోజు బడిలో పంతుళ్ళకు మీటింగని పిల్లలకు సెలవు. పదకొండున్నర ప్రాంతంలో అఖిల పరుగెత్తుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“టీచరమ్మా! ఇయ్యాల గుంటల నేనే లెక్కవెట్టిన! అమ్మకు జరమొచ్చిందని నాయిన నన్ను దిగమన్నడు. రాళ్ళేం ఏరలే, ఒట్టి అంకెలతోనే. పదమూడు! నాయిన పోయి ఇంజనీరు సారుకు చెప్పిండు.”

తూటాలు పెట్టేది ఇద్దరు. ఒక కొస నుంచి మొగిలి, రెండో కొస నుంచి రాజు అని కొత్తగా చేరిన మనిషి. ఎవరు పెట్టినవి వాళ్ళకు తెలుసు, మొత్తం చూసేది కొమురమ్మ. ఇవాళ ఆ స్థానంలో నా శిష్యురాలు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. రాళ్ళ మోత పోయి అంకెలు వచ్చాయి. దాని నెత్తిన చెయ్యి పెట్టి, “శభాష్,” అన్నాను. ఆ పిల్లను అంతకుముందు మెచ్చుకున్నట్టు గుర్తు లేదు.

ఈల వినపడింది. ఇద్దరం వరండాలో కూర్చున్నాం. నేను చెవులు మూసుకోలేదు, గట్టిగా లెక్కపెట్టాను. ఒకటి... రెండు... మధ్యలో కాస్త ఆగింది, మళ్ళీ మొదలైంది. పన్నెండు... పదమూడు. తర్వాత నిశ్శబ్దం. ఇంకో నిమిషం చూశాం. ఏమీ లేదు.

“సరిపోయిందా?” అన్నాను.

“సరిపోయింది!” అని చప్పట్లు కొట్టింది.

పొగ పోవడానికి పావుగంట ఆగుతారు. ఈలోగా పనైపోతుందని, “పద, మూడు గ్లాసుల బియ్యం నానబోయి,” అన్నాను. ఆ రోజు పొయ్యి మీద ఏమీ లేదు కాబట్టి దాని ఎదురుగా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను.

అఖిల మొదటి గ్లాసు గిన్నెలో పోసింది. పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు. రెండో గ్లాసు పోసి, “ఒకటి,” అంది. మూడోది పోసి, “రెండు.” నాలుగోది పోసి, “మూడు.” గ్లాసు డబ్బాలో పెట్టేసి నా వైపు చూసింది.

నాలుగు గ్లాసులు. నోటితో మూడు.

ఒక్క క్షణం నాకు నవ్వొచ్చింది. రెండు నెలల చిక్కుముడి విడిపోయింది కదా! అమ్మ లాభం అనమని ఉంటుంది, టీచరమ్మ వద్దంది. పిల్ల ఇద్దరి మాటా నిలబెట్టింది. మొదటిదానికి లోపల్లోపల లాభం అనుకుని, రెండోదాని నుంచి పైకి నా అంకెలు చెప్పింది. ఆ నవ్వు పెదవుల మీదికి రాకముందే బియ్యమైనా, మా ఆయన తూటాలైనా అని కొమురమ్మ అన్న మాట చెవిలో మోగింది.

గుంటలో కూడా ఇలాగే లెక్కపెట్టి ఉంటే? అప్పుడు పెట్టినవి పదమూడు కావు, పద్నాలుగు. నేను విన్నవి పదమూడు.

“అఖిలా,” అన్నాను. “పొద్దున తూటాల దగ్గర లాభం అనుకున్నావా?”

పిల్ల మొహం పాలిపోయింది. “లేదు టీచరమ్మా. నువ్వు వద్దన్నవుగద.”

“నిజం చెప్పు!”

“లేదు! ఒకటి అనే అన్న! ఒట్టు!”

దాని చూపు బల్ల మీద ఉన్న స్కేలు మీదికి పోయింది. అది చూశాను. అబద్ధమా, నిజమా? అబద్ధమైతే ఎందుకు? నన్ను చూసి. ఇంకో నాలుగు దెబ్బలు పడతాయని భయపడి ఆ పిల్ల ఒట్టు పెడుతోంది, అక్కడ వాళ్ళ నాన్న గడ్డపార భుజాన వేసుకుంటున్నాడు. గడియారం చూశాను. పేలుళ్ళు ఆగి పన్నెండు నిమిషాలు.

పిల్ల చెయ్యి పట్టుకుని చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పడ్డాను. నలభై ఏడేళ్ళ ఒళ్ళు, పరుగెత్తి ఎన్నేళ్ళయిందో. వీధంతా బురద, రాతి పొడి. దారంతా చెవులు ఒక్క చప్పుడు కోసమే ఎదురు చూస్తున్నాయి. లారీ తలుపు ధడాలుమంటే ఉన్నచోటనే కూలబడబోయాను. అదే అనుకున్నాను. పిల్ల చెయ్యి నా చేతిలో చల్లగా, తడిగా ఉంది. అది ఏడుస్తోందో లేదో తల తిప్పి చూడలేకపోయాను.

మలుపులో ఎర్ర జెండా లేదు. దించేశారు.

గుంట అంచున ఇంజనీరు ఉదయ్ భాస్కర్ నిలబడి ఉన్నాడు. చదువు పూర్తయి రెండేళ్ళయిందో లేదో. కింద విరిగిన బండల మధ్య మొగిలి ఒక్కడే కనిపించాడు. మిగతావాళ్ళు వెనక ఆగి ఉన్నారు. అతను వంగి, గడ్డపార కొస ఒక పగుల్లో దింపబోతున్నాడు.

“ఆపండి! పైకి రమ్మనండి! ఒకటి పేలలేదు!”

“లేదు మేడమ్, మేమూ విన్నాం. పదమూడు. పెట్టినవీ పదమూడే,” అన్నాడు ఇంజనీరు మర్యాదగానే.

“పెట్టినవి పద్నాలుగండి!”

“ఎవరన్నారు?”

ఎవరన్నారు? నేను అఖిల వైపు చూశాను. అందరూ దాని వైపే చూశారు. కింద మొగిలి కూడా తల ఎత్తి చూశాడు, గడ్డపార చేతిలోనే ఉంది.

“నువ్వు లెక్కపెట్టావా పాపా? ఎన్ని?” అన్నాడు ఇంజనీరు.

“పదమూడు,” అంది. వినీ వినపడనట్టు.

“చూశారా మేడమ్?” అని, కిందికి తిరిగి, “ఏం లేదు మొగిలీ, కానియ్యి,” అన్నాడు.

ఆ క్షణంలో ఆ పిల్లను చావబాదాలనిపించింది. అది నిజం. చెయ్యి కూడా లేచింది. లేచిన చేతిని చూసి పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది, తల భుజాల్లోకి ముడుచుకుంది. దెబ్బ కోసం సిద్ధంగా ఉంది. నిజం చెప్పడానికి సిద్ధంగా లేదు. దెబ్బే దానికి తేలిక. అలా నేర్పింది నేనే.

బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాను.

“అఖిలా, నా మాట విను. మా అమ్మమ్మ కూడా లాభం అనేది. నేనూ అనేదాన్ని. తప్పు కాదమ్మా అది. తప్పని నిన్ను కొట్టాను చూడు, అదే తప్పు. నాకు చాలా భయంగా ఉంది. చెప్పు తల్లీ.”

కళ్ళు తెరిచింది. టీచరమ్మకు భయమేమిటన్నట్టు చూసింది.

“ఒక్కసారే అన్న,” అంది. “లోపల్నే అన్న టీచరమ్మా. పైకనలే. ఒక్కసారే.”

నేను అరవడం మొదలుపెట్టాను. ఏమని అరిచానో తెలియదు. ఇంజనీరుకు అర్థం కాలేదు గానీ మొగిలికి అర్థమైంది. అతనూ ఆ ఇంటివాడే కదా. గడ్డపార గాల్లోనే ఆగిపోయింది. దాన్ని కింద పెట్టలేదు, పడేయలేదు. ఒక చేత్తో అలాగే పైకెత్తి పట్టుకుని, కాలి కింద చూసుకున్నాడు. అన్నీ రాళ్ళే. ఏ రాయి కింద ఉందో ఎవరికి తెలుసు?

“నాయినా!” అంది అఖిల.

“ఉలకకు బిడ్డా. వస్తున్న.”

వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. తడి పొడి మీద తన పాదాల గుర్తుల్లోనే మళ్ళీ పాదాలు పెట్టుకుంటూ ఒక్కో అడుగూ వేశాడు. పట్టుమని నలభై అడుగులు లేదు దూరం. ఎవరూ కదల్లేదు, దగ్గలేదు. ఒకచోట చిన్న రాయి జారి మరో రాయికి తగిలింది. ఆ చప్పుడుకు ఇంజనీరు నా చెయ్యి పట్టేసుకున్నాడు. మొగిలి అంచు మీదికి వచ్చి, గడ్డపార నేల మీద మెల్లగా పడుకోబెట్టి, అప్పుడు కూర్చున్నాడు. కూర్చున్నాక వాంతి చేసుకున్నాడు.

మర్నాడు అనుభవమున్న మనుషులు దిగి రాళ్ళు ఒక్కొక్కటీ చేత్తో తీశారు. పద్నాలుగో తూటా దొరికింది. బత్తి సగం కాలి, తడికి ఆరిపోయి ఉందట. మొగిలి గడ్డపార దింపబోయిన పగులుకు రెండు మూరల దూరంలో.

ఆ సంగతి తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం మాత్రం దుప్పటి కప్పుకుని, తూలుకుంటూ కొమురమ్మ వచ్చింది. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు. మొగుడి భుజాలు తడిమింది, మొహం తడిమింది, రెండు చేతులూ ఎత్తి చూసింది. తర్వాత కూతురి వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. దాని వేళ్ళు పట్టుకుని తిప్పి చూసింది. కణుపుల మీద గీతలింకా ఉన్నాయి. జ్వరం కళ్ళతో నన్ను చూసింది.

“టీచరమ్మా, లెక్క తప్పితే మళ్ళ నేర్సుకుంటది. తప్పిందని చెప్పనీకి భయపడితే మా ఇంట్ల మనిషి మిగలడు.”

అరవలేదు. అరిచి ఉంటే నాకూ ఒక జవాబు దొరికేది. కూతుర్ని దుప్పటిలోకి తీసుకుని గుడిసెల వైపు వెళ్ళిపోయింది.

ఎనిమిది రోజులు ఆ ఇంటి నుంచి ఎవరూ రాలేదు. అంట్లు నేనే తోముకున్నాను. పన్నెండింటికి ఈల వినపడితే చాలు, వరండాలోకి వచ్చేదాన్ని. చెవులు మూసుకోవడం ఎలాగూ మానేశాను. ఎన్ని పెట్టారో నాకు తెలియదు, ఎన్ని పేలాయో మాత్రం విని, అలాగే నిలబడి, మనుషుల కేకలు మామూలుగా వినపడేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. స్కేలు పొయ్యిలో పెట్టలేదు, మాది గ్యాసు పొయ్యి. విరిచి చెత్తబుట్టలో పడేశాను.

తొమ్మిదో రోజు పొద్దున గేటు చప్పుడైంది. కొమురమ్మ వచ్చి, పలకరించకుండానే గిన్నెల దగ్గర కూర్చుంది. వెనక అఖిల పలక పట్టుకుని గుమ్మంలోనే ఆగింది.

“అది రానన్నది. నేనే తోల్కొచ్చిన,” అంది కొమురమ్మ తల ఎత్తకుండా. “మధ్యల ఆపితే ఆ భయం దాని కడుపులనే ఉంటది.”

పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాను. పదిహేనేళ్ళ పిల్లలకు త్రికోణమితి చెప్పినదాన్ని, ఎనిమిదేళ్ళ పిల్లను ఒక తీసివేత అడగడానికి వెనకాడాను. చివరికి తీగ మీద చీరలు చూపించి, “పన్నెండు క్లిప్పులున్నాయి. ఐదు తీసేశాం. ఎన్ని మిగిలాయి?” అన్నాను.

అంతకుముందు గెంతుతూ చెప్పేసిన లెక్క అది. ఇప్పుడది తీగ వైపు చూడలేదు, పలక వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది. నా కనుబొమల్లో, నా పెదవుల్లో జవాబు వెతుక్కుంది. గుంట అంచున పడ్డ భయం వేరు. ఈ చూపుకు పడ్డ భయం వేరు. తెనాలిలో పదేళ్ళ పాటు ఎన్ని వందల మంది పిల్లలు నన్నిలా చూసి ఉంటారు?

“ఎనిమిది?” అంది.

గిన్నెల చప్పుడు ఆగింది. కొమురమ్మ వింటోంది.

“తప్పు,” అన్నాను.

అఖిల రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. కళ్ళు మూసుకుంది. నేను కదల్లేదు. కాసేపటికి ఒక కన్ను తెరిచి నా చేతుల్ని చూసింది. ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి.

“మళ్ళీ చూసి చెప్పు,” అన్నాను.

అది చాలాసేపు ఆలోచించింది. లెక్క గురించి కాదు.

“గంతేనా?” అంది.

“అంతే.”